కంటికి కనిపించని రైలు

చిన్న భోజనశాల. రాత్రివేళ. గుడ్డ పరచిన బల్ల చుట్టూ ముగ్గురు మనుషులు. ఒకడు మాదకద్రవ్యాల వర్తకుడు. రెండవవాడు అతనికి అమ్ముడుపోయిన పోలీసు అధికారి. మూడవవాడు అప్పటివరకూ తన కుటుంబం చేసే చీకటి వ్యాపారాలకు దూరంగా నిలిచిన యువకుడు. తన తండ్రిపై కాల్పులు జరిపించినది ఎదుట కూర్చున్న వర్తకుడేనని అతనికి తెలుసు. మరుగుదొడ్డిలో ముందే దాచి ఉంచిన పిస్తోలును తీసుకుని ఇప్పుడే వచ్చి కూర్చున్నాడు. వర్తకుడు ఇటాలియన్ భాషలో ఏదో నచ్చజెపుతున్నాడు. ఆ మాటలకు తెరమీద అనువాదం లేదు. యువకుడు వినడమూ లేదు. అతని కనుపాపలు మాత్రం అటూ ఇటూ చలిస్తున్నాయి.

అప్పుడు రైలు వస్తుంది.

వస్తుందే కాని కనిపించదు. ఎక్కడో వంతెన మీద వంపు తిరుగుతున్న ఇనుప చక్రాల కీచుధ్వని మొదట దూరంగా, తరువాత దగ్గరగా, ఆ పిమ్మట గదిలోనే ఉన్నంత భీకరంగా వినిపించి, వర్తకుని మాటలను ముంచివేస్తుంది. యువకుడు లేచి నిలబడి కాలుస్తాడు. ఇంత జరుగుతున్నా నేపథ్యసంగీతం ఒక్క స్వరమైనా పలకదు. పని ముగిసి, పిస్తోలు అతని చేతినుండి జారి నేలమీద పడిన తరువాతనే నీనో రోటా కూర్చిన సంగీతం ఒక్కపెట్టున లేస్తుంది.

1972లో విడుదలైన ‘ది గాడ్‌ఫాదర్’ చూసినవారికి ఆ కళ్ళు గుర్తుంటాయి, ఆ కాల్పులు గుర్తుంటాయి. రైలు సంగతి అడిగితే, రైలెక్కడిదని ఎదురు ప్రశ్న వేస్తారు. తెరమీద లేని రైలు యువకుని తలలో నడిచింది. అతడు హంతకుడు కావాలా వద్దా అన్న ఘర్షణకు మాటలు లేవు కనుక, ఆ ఇనుము రాపిడే మాటలయింది. ఈ ఉపాయం చేసినవాడు వాల్టర్ మర్చ్. అప్పటికి అతనికి ముప్ఫై ఏళ్ళు నిండలేదు. పేర్ల పట్టికలో అతనికి దక్కిన హోదా ‘నిర్మాణానంతర సలహాదారు’ అన్నది మాత్రమే.

ఆ రైలు ఏదో గొప్ప స్టూడియోలోని నిపుణులకు తట్టిన ఊహ కాదు. చేతిలో డబ్బులేని విద్యార్థులు, చూపించలేనిదాన్ని వినిపించి గట్టెక్కిన రోజుల్లోనే దానికి పట్టాలు పడ్డాయి. ఆ విద్యార్థుల్లో ఒకడు తీసిన పదిహేను నిమిషాల ఉత్కంఠ చిత్రం ఈ కథకు నడుమనున్న మజిలీ. మొదటి మజిలీ అమెరికాలో కూడా కాదు, కెనడాలో ఒక చెత్తబుట్ట దగ్గర ఉంది.

ఆర్థర్ లిప్సెట్ అనే యువకుడు కెనడా జాతీయ చలనచిత్ర సంస్థలో ఉద్యోగి. ఏ చిత్రానికైనా కూర్పు పూర్తయిన తరువాత ఎడిటింగ్ బల్లల కింద పనికిరాని ముక్కలు కుప్పపడతాయి. చిత్రం ఉన్న ఫిల్ము ముక్కలతో పాటు శబ్దం ఉన్న టేపు ముక్కలు కూడా. ఎవరో ఒక పెద్దమనిషి ఉపన్యాసం మధ్య దగ్గిన దగ్గు, వాక్యం పూర్తికాకుండా తెగిన మాట, యంత్రం రొద, గుంపులో నవ్వు. లిప్సెట్ ఆ తుక్కును ఏరుకుని వినేవాడు. ఒక ముక్కకు మరొక ముక్క అతికించేవాడు. ఆ విధంగా మొదట శబ్దం మాత్రమే తయారయింది. దానికి తగిన ఛాయాచిత్రాలు తరువాత సమకూర్చుకున్నాడు. 1961లో వచ్చిన ఆ ఏడు నిమిషాల చిత్రం ‘వెరీ నైస్, వెరీ నైస్’ ఆస్కార్ బహుమతి పోటీలో నిలిచింది. చిత్రానికి శబ్దాన్ని అతికించడం లోకరీతి. లిప్సెట్ శబ్దానికి చిత్రాన్ని అతికించాడు. ఆ తరువాత అతడు ‘21-87’ అని అంకెలే పేరుగా మరొక చిన్న చిత్రం చేశాడు. అందులో కనిపించేది ఒకటి, వినిపించేది మరొకటి. రెండింటికీ పొత్తు కుదరదు. కుదరనందువల్లనే చూసేవాని మనసులో మూడవది ఏదో పుడుతుంది.

ఈ ‘21-87’ను లాస్ ఏంజెలిస్‌లోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సినిమా విద్య చదువుతున్న ఒక బక్కపలచని కుర్రవాడు మళ్ళీ మళ్ళీ వేయించుకుని చూశాడు. అతని పేరు జార్జ్ లూకస్. మోటారు కార్ల పందేల పిచ్చి తప్ప మరేమీ లేని అతడు 1962లో ఘోరమైన కారు ప్రమాదం నుండి బ్రతికి బయటపడ్డాడు. ఆ తరువాతనే చదువు మీద మనసు నిలిచింది. సినిమా విద్యాలయంలో మొదటి అభ్యాసంగా ఒక్క నిమిషం నిడివి గల పని ఇస్తే, వారపత్రికల్లోని ఛాయాచిత్రాలను తీసుకుని, వాటిని సంగీతపు తాళానికి సరిగ్గా కత్తిరించి చూపించాడు. తోటివారు సరంజామా చాలదని గొణుగుతున్న చోట అతడు చెవిని కూడా సరంజామాలో చేర్చుకున్నాడన్నమాట.

1967 నాటికి అతడు అక్కడే పైతరగతి విద్యార్థి. ఆ రోజుల్లో అమెరికా నౌకాదళం తన ఛాయాగ్రాహకులను శిక్షణ కోసం ఆ విశ్వవిద్యాలయానికి పంపేది. వారికి పాఠాలు చెప్పడంలో లూకస్ సహాయకుడు. వయసులో తనకంటె పెద్దవారు, హోదాలకు అలవాటుపడినవారు, ఈ కుర్రవాడు చెపితే వినాలా అన్న ముఖాలతో కూర్చునేవారు. అయితే వారికి ఒక భాగ్యం ఉంది. ఇతర విద్యార్థులు కలలో కూడా కోరలేని రంగుల ఫిల్మూ, దాన్ని కడిగే ప్రయోగశాల ఖర్చూ సర్కారువి. లూకస్ తరగతిని రెండుగా చీల్చి, ఒక భాగానికి తానే నాయకుడై పోటీగా చిత్రం తీయడానికి పూనుకున్నాడు. ఆ నౌకాదళం వారే నటులు, వారే సిబ్బంది. కథకు బీజం అతని మిత్రులు మాథ్యూ రాబిన్స్, వాల్టర్ మర్చ్ రాసుకున్న ఒక చిన్న ఊహ నుండి వచ్చింది. ఒక మనిషి భూగర్భ నగరం నుండి తప్పించుకుని పారిపోతాడు. అంతే కథ.

ఊహ బాగానే ఉంది. భూగర్భ నగరం ఎక్కడిది? దానిని నడిపే నిరంకుశ ప్రభుత్వం ఎక్కడిది? ఉన్నవి విమానాశ్రయపు నడవాలు, కార్లు నిలిపే నేలమాళిగలు, కంప్యూటర్లున్న గదులు. చిత్రీకరణ చాలా వరకు రాత్రులలో సాగింది. పగలు లూకస్‌కు మరో కొలువు ఉండేది. అధ్యక్షుడు జాన్సన్ ఆసియా పర్యటనపై ప్రభుత్వం తీయిస్తున్న చిత్రానికి వెర్నా ఫీల్డ్స్ అనే అనుభవజ్ఞురాలి వద్ద కూర్పు పని. ఆమె మొదట శబ్ద సంపాదకురాలిగా పేరు తెచ్చుకున్న మనిషి. తరువాతి కాలంలో ‘జాస్’ చిత్రం కూర్పుకు ఆస్కార్ అందుకున్నదీ ఆమే. తన విద్యార్థి చిత్రానికి కూడా అతడు ఆమె ఇంట్లోని యంత్రం మీదనే రాత్రులు కూర్చుని రూపం తెచ్చాడు.

ఆ చిత్రం పేరు నోరు తిరగనిది: ‘ఎలక్ట్రానిక్ లాబిరింత్: టీఎచ్‌ఎక్స్ 1138 4ఈబీ’. నిడివి పదిహేను నిమిషాలు. కళ్ళు మూసుకుని ఆ చిత్రాన్ని వింటే దాని రహస్యం తెలుస్తుంది. తెరమీద కనిపించేది ప్రధానంగా తెల్లని దుస్తుల్లో పరుగెత్తుతున్న ఒక్క మనిషి. మిగిలినదంతా చెవికి. నియంత్రణ గదుల్లో కూర్చున్నవారి కంఠాలు రేడియోలోంచి వచ్చినట్టు గరగరలాడుతూ అంకెలు చదువుతాయి, ఆజ్ఞలు ఇస్తాయి, ఒకరినొకరు సరిచూసుకుంటాయి. మధ్యలో యంత్రాల కూతలు, ఎక్కడో ఆర్గన్ వాద్యం వంటి గంభీర నాదం. ఆ కంఠాలలో కోపం లేదు. వేటాడుతున్నామన్న ఉద్రేకమూ లేదు. ఒక గుమాస్తా లెక్కల పుస్తకంలో తప్పు దిద్దుతున్నంత నిమ్మళంగా మనిషిని తరుముతుంటారు. అక్కడే భయం పుట్టుకొస్తుంది. తరిమేవాడు అరిస్తే వాడెక్కడున్నాడో తెలుస్తుంది, వానికీ ఆయాసం వస్తుందని ధైర్యం కలుగుతుంది. ఆయాసం లేని గొంతుకు అలుపు ఉండదు.

ఖర్చు లెక్క చూడండి. నియంత్రణ గదిలో వందమందిని చూపించాలంటే వంద దుస్తులు, వంద కుర్చీలు కావాలి. వినిపించాలంటే నలుగురు స్నేహితులు, ఒక మైక్రోఫోను చాలు. మిగిలిన తొంభైయారుగురిని ప్రేక్షకుడు తన సొంత ఖర్చుతో ఊహించుకుంటాడు.

ఈ రహస్యం అప్పటికి కొత్తదేమీ కాదు. చలనచిత్రానికి మాట వచ్చిన తొలినాళ్ళలోనే పెద్దలు దీన్ని కనిపెట్టారు. 1929లో హిచ్‌కాక్ తీసిన ‘బ్లాక్‌మెయిల్’లో, ఆత్మరక్షణ కోసం ఒకణ్ణి కత్తితో పొడిచి వచ్చిన అమ్మాయి మరునాటి ఉదయం ఇంట్లో ఫలాహారం ముందు కూర్చుని ఉంటుంది. పొరుగింటామె ఆ హత్య గురించే లొడలొడ మాట్లాడుతుంది. క్రమంగా ఆ మాటలన్నీ కలగాపులగమై, ‘కత్తి’ అన్న ఒక్క మాట మాత్రం స్పష్టంగా, మళ్ళీ మళ్ళీ, చెవిలో గుచ్చినట్టు వినిపిస్తుంది. 1931లో ఫ్రిట్జ్ లాంగ్ జర్మనీలో తీసిన ‘ఎమ్’లో పసిపిల్లల హంతకుణ్ణి పట్టిచ్చేది అతడు వేసే ఈల. దాన్ని గుర్తుపట్టేవాడు బుడగలు అమ్ముకునే గుడ్డివాడు. కళ్ళున్న నగరమంతా వెదికి విఫలమైనచోట చెవి గెలిచింది.

కారణం వెదకడానికి శాస్త్రగ్రంథాలు తిరగవేయనక్కరలేదు. కంటికి రెప్ప ఉంది, చెవికి లేదు. కన్ను ఎదుట ఉన్నదాన్నే చూస్తుంది. చెవి వెనుక నుండి, పక్కగదిలో నుండి, చీకటిలో నుండి వచ్చేదాన్ని కూడా స్వీకరిస్తుంది. వెండితెరకు నాలుగు అంచులున్నాయి. శబ్దానికి అంచులు లేవు. రాత్రి వంటింట్లో గిన్నె కదిలిన చప్పుడు వినిపిస్తే నిద్రలేచిన మనిషి మొదట చేసే పని ఊపిరి బిగబట్టడం. పిల్లి అని తేలితే ఊపిరి వదులుతాడు. ఉత్కంఠ చిత్రం తీసేవాని పని ఆ రెండింటికీ నడుమ ఉన్న కాలాన్ని సాగదీయడం. పిల్లిని ఎంత ఆలస్యంగా చూపిస్తే అంత లాభం.

నిశ్శబ్దం కూడా శబ్దంతోనే తయారవుతుందని విద్యార్థులు కొంత ఆలస్యంగా గ్రహిస్తారు. టేపులో ఏమీ లేకుండా వదిలివేస్తే అది నిశ్శబ్దంలా అనిపించదు, యంత్రం చెడిపోయినట్టు అనిపిస్తుంది. ఖాళీ గదికి కూడా ఒక శ్వాస ఉంటుంది. అందుకే అనుభవజ్ఞుడైన శబ్దగ్రాహకుడు, చిత్రీకరణ ముగిశాక అందరినీ కదలకుండా నిలబెట్టి, ఆ గది ఊరుకున్నప్పటి ధ్వనిని అర నిమిషమో నిమిషమో పట్టుకుంటాడు. ఆ తరువాత గడియారం టిక్కుటిక్కులు, ఎక్కడో నీటిచుక్క, వీధి చివర కుక్క. ఇవి ఉన్నప్పుడే గది నిశ్శబ్దంగా ఉందని నమ్ముతాం. వీటిలో ఒకటి హఠాత్తుగా ఆగిపోతే భయపడతాం.

లూకస్ చిత్రానికి 1968 ప్రారంభంలో జాతీయ విద్యార్థి చలనచిత్రోత్సవంలో ప్రథమ బహుమతి లభించింది. అంతకు ముందే మరొక పోటీ జరిగింది. ఒక పెద్ద స్టూడియోలో ఆరు నెలలు ఉండి పని గమనించడానికి ఒకే ఒక్క విద్యార్థి వేతనం ఉంది. చివరి వరుసలో మిగిలినవారిలో లూకసూ ఉన్నాడు, మర్చ్ కూడా ఉన్నాడు. ఫలితం వెలువడక ముందే స్నేహితులు ఒక ఒప్పందానికి వచ్చారు. ఎవరు గెలిచినా, అవకాశం వచ్చినప్పుడు రెండవవాణ్ణి పిలవాలి. గెలిచినవాడు లూకస్. అక్కడ అతనికి ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొపొలా అనే యువ దర్శకుడు పరిచయమయ్యాడు. మాట మరచిపోకుండా లూకస్ మర్చ్ పేరు చెప్పాడు.

ఈ మర్చ్ సంగతి కొంత చెప్పాలి. న్యూయార్క్‌లో పెరిగిన అతనికి పదేళ్ళ వయసులో టేప్‌రికార్డరు తగిలింది. ఇతర పిల్లలు పాటలు పట్టుకుంటే ఇతడు మైక్రోఫోనును కిటికీలోంచి వేలాడదీసి వీధిని పట్టుకునేవాడు. టేపును కత్తిరించి, తలకిందులుగా అతికించి వినేవాడు. ఒకనాడు రేడియోలో ఫ్రాన్సు దేశపు సంగీతకారులు నిత్యజీవితపు శబ్దాలతో కూర్చిన రచన విని, తన పిచ్చి తనకొక్కడికే లేదని ఆనందించాడట. 1969లో కొపొలా చిత్రం ‘ది రెయిన్ పీపుల్’కు శబ్దం సమకూర్చమన్నప్పుడు అతనికి కార్మిక సంఘంలో సభ్యత్వం లేదు. స్టూడియోల గ్రంథాలయాలలో అడుగుల చప్పుడు, తలుపు చప్పుడు, వాన చప్పుడు వేలకొలది సిద్ధంగా ఉన్నా, అడిగితే సంఘంవాడివేనా అంటారేమోనన్న భయంతో ఆ గుమ్మం తొక్కలేదు. అవసరమైన ప్రతి చప్పుడునూ స్వయంగా తయారు చేసుకున్నాడు. ఆ భయం అతనికి చేసిన మేలు ఇంతా అంతా కాదు. అందరి చిత్రాల్లోనూ వినిపించే అరువు తలుపు కాక, ఈ చిత్రంలో ఈ తలుపే వినిపించింది.

విద్యార్థి చిత్రాన్ని పూర్తి నిడివికి పెంచే అవకాశం ఆ మరుసటి ఏడాదులలో వచ్చింది. పగలు లూకస్ దృశ్యాన్ని కూర్చేవాడు, రాత్రి మర్చ్ శబ్దాన్ని కూర్చేవాడు. మర్చ్ అందులో మరొక పద్ధతి సాధన చేశాడు. పరిశుభ్రంగా పట్టుకున్న కంఠాన్ని ఒక పెద్ద హాలులోనో, నడవలోనో లౌడ్‌స్పీకరు ద్వారా వినిపించి, దూరంగా మరొక యంత్రంతో మళ్ళీ పట్టుకోవడం. కంఠంతో పాటు గోడల ప్రతిధ్వని కూడా వస్తుంది. పెండ్లి పందిరి మైకు పక్కవీధికి ఎలా వినిపిస్తుందో ఎరిగిన మన పాఠకులకు దీని ప్రయోజనం విడమరచి చెప్పనక్కరలేదు.

1971లో ‘టీఎచ్‌ఎక్స్ 1138’ విడుదలయింది, పెట్టుబడి రాలేదు. అంతకు ముందే చిత్రం చూసిన స్టూడియో అధికారులు నొచ్చుకుని, కొంత భాగం కత్తిరించి, కొపొలా సంస్థకు ఇచ్చిన సొమ్ము తిరిగి చెల్లించమన్నారు. యువకులందరూ కలిసి శాన్‌ఫ్రాన్సిస్కోలో పెట్టుకున్న ఆ సంస్థ అప్పులపాలయింది. ఆ అప్పులు తీర్చడానికే కొపొలా మొదట్లో ఇష్టం లేకపోయినా ఒక నేరగాళ్ళ నవలను చిత్రంగా తీయడానికి ఒప్పుకున్నాడు. ఆ నవల పేరు ‘ది గాడ్‌ఫాదర్’. కంటికి కనిపించని రైలు ఆ భోజనశాలకు చేరిన దారి ఇది.

మన దేశంలో ఈ దారి మరింత గతుకులమయం. దశాబ్దాలపాటు మన చిత్రాలలో అధికభాగం రొదచేసే కెమెరాలతో చిత్రీకరించి, మాటలు తరువాత డబ్బింగ్ గదిలో నింపినవే. ఆ క్రమంలో తారల కంఠం దక్కింది కాని వారు నిలబడిన చోటు దక్కలేదు. అడవిలో మాట్లాడినా, నడివీధిలో మాట్లాడినా ఒకే గదిలో మాట్లాడినట్టు ఉండేది. ఆ ఖాళీని కప్పడానికి నేపథ్యసంగీతం. హంతకుడు తలుపు తీసేలోపలే వయొలిన్లు వందసార్లు హెచ్చరిస్తే ఇక ప్రేక్షకునికి భయపడే అవకాశం ఏది? 1960లో ‘కానూన్’, 1969లో ‘ఇత్తెఫాక్’ పాటలు లేకుండా వచ్చి విజయం సాధించినా, వాటిని వింతలుగా చూసి ఊరుకున్నారు.

అయినా పుణేలో పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో 1960లో నెలకొన్న చలనచిత్ర శిక్షణ సంస్థ, దర్శకత్వం, ఛాయాగ్రహణం, కూర్పులతో సమానంగా శబ్దగ్రహణాన్నీ ప్రత్యేక విద్యగా నేర్పుతూ వచ్చింది. అక్కడ చదివిన కాశ్మీరు యువకుడు విధు వినోద్ చోప్రా 1976లో పట్టా కోసం తీసిన చిత్రం కూడా ఒక థ్రిల్లరే: ‘మర్డర్ ఎట్ మంకీ హిల్’. దానికి జాతీయ బహుమతి వచ్చింది. ఆయనే 1980ల నడుమ పాటల ఊసు లేకుండా తీసిన హత్యా కథకు పెట్టిన పేరు ‘ఖామోష్’. 1989 నాటి ‘పరిందా’లో బొంబాయి దాదరు పావురాల దిబ్బ దగ్గర జరిగే హత్య చూసినవారు, తుపాకీ మోత కన్నా ముందు ఒక్కుమ్మడిగా లేచిన రెక్కల చప్పుడునే తలుచుకుంటారు.

తెలుగువారు ఇంకొక చిత్రాన్ని మరువలేరు. 1987లో సింగీతం శ్రీనివాసరావు గారు ఒక్క మాట లేకుండా తీసిన ‘పుష్పక విమానం’ నవ్వించే చిత్రమే అయినా, అందులో చెవికి పెట్టిన పరీక్షలు చాలా ఉన్నాయి. సినిమా హాలు పక్కన ఇరుకు వసతిలో రోజూ ఆ రొదలో నిద్రించిన నిరుద్యోగి, ఒక ధనికుని స్థానంలో పెద్ద హోటలు గదికి చేరతాడు. మెత్తని పరుపు, చల్లని గది, పూర్తి నిశ్శబ్దం. నిద్ర పట్టదు! పాత పేటకు వెళ్ళి, ఆ గోలంతా టేప్‌రికార్డరులోకి ఎక్కించి తెచ్చుకుని, అది మోగుతుంటే హాయిగా నిద్రపోతాడు. చంపడానికి వచ్చే గూండా చేతిలో మంచుగడ్డ కత్తి ఉంటుంది. అది కరిగేలోపల పని జరగాలి. మాట ఒక్కటీ లేదు కనుక ప్రేక్షకులు ప్రతి చిన్న చప్పుడుకూ చెవి ఒగ్గి కూర్చుంటారు.

ధ్వనినే కథావస్తువుగా చేసుకున్న ఉత్కంఠ చిత్రాన్ని కొపొలా, మర్చ్ 1974లో పూర్తి చేశారు. ‘ది కాన్వర్సేషన్’ అన్న ఆ చిత్రంలో హ్యారీ కాల్ అనేవాడు ఇతరుల మాటలను రహస్యంగా వినడమే వృత్తిగా గలవాడు. జీన్ హాక్‌మన్ ఆ పాత్ర ధరించాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో జనసమ్మర్దమైన యూనియన్ స్క్వేర్ ఉద్యానవనంలో ఒక యువతీ యువకుడూ నడుస్తూ మాట్లాడుకుంటుంటే, మూడు వైపుల నుండి మూడు యంత్రాలు వారిని వింటుంటాయి. హ్యారీ తన కర్మశాలలో ఆ మూడు టేపులను ఒకటిగా కలిపి తుడుస్తాడు. వీధి వాద్యాల డప్పుల కింద ఒక వాక్యం నలిగిపోయింది. మీటలు తిప్పుతాడు, వెనక్కి నడుపుతాడు, మళ్ళీ వింటాడు. చివరకు మసక తొలగినట్టు ఆ వాక్యం బయటపడుతుంది. అవకాశం చిక్కితే అతడు మనను చంపివేస్తాడని యువకుడు యువతితో అంటున్నాడు. ఆ క్షణం నుండి హ్యారీకి నిద్ర లేదు. తన టేపు వల్లనే గతంలో కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఈ జంట కూడా బలి అవుతుందా?

చిత్రమంతటా ఆ వాక్యం పలుమార్లు వినిపిస్తుంది. చివరిసారి విన్నప్పుడు హ్యారీతో పాటు ప్రేక్షకునికీ గుండె జారుతుంది. బరువు ‘చంపివేస్తాడు’ అన్న మాట మీద కాక ‘మనను’ అన్న మాట మీద పడింది. అతడు మననే చంపేవాడు, కనుక మనమే ముందు అతణ్ణి... తెలుగులో ఒక్క ‘ఏ’ చేర్చితే తీరిపోయే భేదం ఇది. ఇంగ్లీషులో వాక్యం అక్షరమైనా మారకుండా కంఠం ఒక్కటే ఆ భారాన్ని మోయాలి. భయపడుతున్నవారే హంతకులని ఆ ఒత్తు ఒక్కటి చెప్పింది.

అది ముందుగా వేసుకున్న పథకం కూడా కాదు. ఉద్యానవనంలో చిత్రీకరణ జరుగుతున్నప్పుడు పట్టిన మాటలు రొదలో సరిగా రాకపోవడంతో, మర్చ్ నటులిద్దరినీ ప్రశాంతమైన మరొక చోటికి తీసుకుపోయి సంభాషణను మళ్ళీ పట్టుకున్నాడు. అప్పుడు ఫ్రెడరిక్ ఫారెస్ట్ ఒకసారి ఆ వాక్యాన్ని పొరపాటున వేరే ఒత్తుతో పలికాడు. పనికిరాదనుకుని మర్చ్ దాన్ని పక్కన పెట్టేశాడు. కొపొలా ‘గాడ్‌ఫాదర్’ రెండవ భాగం పనిలో మునిగి ఉండగా, నెలల తరబడి ఈ చిత్రం కూర్పుతో కుస్తీ పడుతూ, కథలోని రహస్యం ప్రేక్షకులకు అందడం లేదని బాధపడుతున్నప్పుడు, శబ్దాలన్నీ కలిపే చివరి దశలో ఆ పారవేసిన పొరపాటు అతనికి జ్ఞాపకం వచ్చింది. కొలంబోలో జన్మించిన నవలాకారుడు మైకేల్ ఒండాట్జీ తన నవల ‘ది ఇంగ్లీష్ పేషెంట్’ చిత్రమవుతున్నప్పుడు మర్చ్‌తో పరిచయమై, తరువాత అతనితో జరిపిన సంభాషణలను 2002లో గ్రంథంగా వెలువరించాడు. ఈ సంగతి అందులో విపులంగా ఉంది. ‘ది కాన్వర్సేషన్’ కేన్స్ ఉత్సవంలో అత్యున్నత బహుమతి గెలుచుకుంది.

పక్కన పారవేసిన టేపు ముక్క కథను నిలబెట్టిన ఈ ఉదంతం మళ్ళీ మాంట్రియల్‌లోని చెత్తబుట్టను తలపుకు తెస్తుంది. ఆర్థర్ లిప్సెట్ జీవితం అతని చిత్రాల వలె బహుమతులకు నోచుకోలేదు. 1970లో ఉద్యోగం వదిలాడు. మనోవ్యాధి పెరిగింది. 1986లో, యాభై ఏళ్ళు నిండకుండానే, తన ప్రాణం తానే తీసుకున్నాడు. అంతకు తొమ్మిదేళ్ళ ముందు లూకస్ చిత్రం ‘స్టార్ వార్స్’ లోకమంతటా కోట్లమంది చూశారు. అందులో కథానాయకులు ఒక రాకుమారిని చెరనుండి విడిపించడానికి శత్రువుల కోటలోకి దూరుతారు. ఆమెను బంధించిన గది సంఖ్య 2187.